పెంట్‌హౌస్ గదిలో పూల్ టేబుల్: అడ్వాన్స్ ఇచ్చే ముందు గదిని ఎలా కొలవాలి?

మేడమీదగది (హైదరాబాద్)

సభ్యులందరికీ నమస్కారం. కొంపల్లి వైపు మేము కట్టుకుంటున్న ఇంటి మీద ఒక పెంట్‌హౌస్ గది వచ్చింది. ప్లానులో దాని కొలత 17 అడుగులకు 13 అడుగులు. ప్లాస్టరింగు, టైల్స్ పూర్తయ్యాయి. ఫాల్స్ సీలింగ్, రంగులు, కరెంటు సామాన్ల బిగింపు మిగిలి ఉన్నాయి. ఆ గదిలో పూల్ టేబుల్ (బంతులను కర్రతో కొట్టి అంచుల్లోని పాకెట్లలో పడవేసే ఆటబల్ల) వేయించాలన్నది నాకు చాలాకాలంగా ఉన్న కోరిక. కాలేజీ రోజుల్లో హాస్టల్ పక్కనున్న పార్లర్‌లో నాలుగేళ్ళు ఆడాను, ఆ తరువాత ఉద్యోగం, పెళ్ళి, పిల్లల మధ్య ఆ ఆట ఎక్కడో ఉండిపోయింది. ఇప్పుడు ఎనిమిదో తరగతి చదువుతున్న మా అమ్మాయి నేర్పమని అడుగుతోంది.

దుకాణదారు ఫోనులోనే ప్లాను కొలత విని, 8×4 టేబుల్ ఆ గదిలో హాయిగా పడుతుందని చెప్పి అడ్వాన్స్ పంపమంటున్నారు. అంత బరువైన వస్తువును ఒకసారి పైకి ఎక్కించాక వెనక్కి పంపడం తేలిక కాదు కనుక, డబ్బు కట్టే ముందు ఏమేమి కొలుచుకోవాలో అనుభవం ఉన్నవారు చెప్పాలని మనవి. గది మధ్యలో ఫ్యాను హుక్కు ఉంది. పైకి రావడానికి మూడడుగుల వెడల్పు మెట్లు తప్ప వేరే దారి లేదు.

పాతక్యూ (విజయవాడ)

మేడమీదగది గారూ, అడ్వాన్స్ ఇవ్వకుండా ముందు ఇక్కడ అడిగి మంచి పని చేశారు. నేను పద్నాలుగేళ్ళు పార్లర్ నడిపాను, ఇళ్ళలో టేబుళ్ళు బిగించే పని కూడా చేశాను. గదిలో టేబుల్ పట్టడం వేరు, ఆట పట్టడం వేరు. మీకు చెప్పినవారు మొదటిదే చూశారు.

"8 అడుగుల టేబుల్" అన్నది వాడుకలో ఉన్న పేరు మాత్రమే. లెక్కకు కావలసింది ఆట స్థలం, అంటే ఒక కుషన్ (బల్ల అంచున ఉండే రబ్బరు గట్టు) అంచు నుంచి ఎదుటి కుషన్ అంచు వరకు ఉండే కొలత. 8 అడుగుల టేబుల్‌కు అది 88×44 అంగుళాలు, 9 అడుగుల టేబుల్‌కు 100×50 అంగుళాలు. 7 అడుగుల టేబుళ్ళలో తయారీని బట్టి కొద్దిపాటి తేడాలున్నాయి కానీ, 78×39 అంగుళాలు తరచుగా కనిపించే కొలత. ఈ కొలతకు రెండు వైపులా ఒక్కొక్క క్యూ (బంతిని కొట్టే కర్ర) పొడవు కలపాలి, ఎందుకంటే బంతి కుషన్‌కు ఆనుకుని ఉన్నప్పుడు క్యూ మొత్తం గోడ వైపే ఉంటుంది. మామూలు క్యూ 58 అంగుళాలు. అంటే 8 అడుగుల టేబుల్‌కు పొడవున 88కి 116 కలిపి 204 అంగుళాలు (17 అడుగులు), వెడల్పున 44కి 116 కలిపి 160 అంగుళాలు (13 అడుగుల 4 అంగుళాలు) కావాలి.

ఈ లెక్కలో మీ చేయి వెనక్కి వెళ్ళే జాగా ఇంకా చేరలేదు. గోడకు పిడి ఆనించి ఎవరూ కొట్టలేరు. దెబ్బకు ముందు క్యూను వెనక్కి లాగడానికి ప్రతి వైపూ మరో 6 అంగుళాలైనా ఉంటే, మనిషి గోడ సంగతి మరచిపోయి ఆడగలుగుతాడు. అప్పుడు కావలసిన గది 18 అడుగులకు 14 అడుగుల 4 అంగుళాలు. మీ గది కాగితం మీదే చాలడం లేదు, గోడల మధ్య నిజంగా ఎంత ఉందో ముందు తేలాలి.

రేపు టేపు పట్టుకుని వెళ్ళినప్పుడు నేల మీద కొలవకండి. క్యూ పిడి తిరిగేది నేల నుంచి సుమారు రెండున్నర అడుగుల నుంచి నాలుగు అడుగుల ఎత్తు మధ్యలో కనుక, ఆ ఎత్తులోనే గోడ నుంచి గోడకు, ఒక్కొక్క వైపూ మూడు చోట్ల కొలవండి. గోడ నుంచి బయటికి వచ్చిన ప్రతిదీ రాసుకోండి.

స్లాబులెక్క (వరంగల్)

నేను సివిల్ ఇంజినీరును. ప్లానులో రాసే గది కొలత సాధారణంగా ప్లాస్టరు వేయని ఇటుక గోడల మధ్య దూరం. రెండు వైపులా అర అంగుళం చొప్పున ప్లాస్టరు వేస్తేనే ఒక అంగుళం పోతుంది, గోడ వంకర ఉంటే మేస్త్రీ ఇంకా మందంగా పూస్తాడు. నాలుగున్నర అంగుళాల గోడలో తొమ్మిది అంగుళాల కాలమ్ ఉంటే, దాని సగం మందం గదిలోకి పొడుచుకుని వస్తుంది. ప్లానులో ఇది చిన్న నల్ల చతురస్రంగా కనిపిస్తుంది, ఇల్లు చూసేవారి కంటికి కూడా ఆనదు, కానీ క్యూ పట్టుకున్నవారికి మాత్రం ప్రతి ఆటలోనూ అడ్డు వస్తుంది.

బరువు గురించి భయం అక్కర్లేదు కానీ లెక్క చూసుకోవాలి. గుడ్డ కింద అంగుళం మందం స్లేటు (రాతి పలక) ఉన్న 8 అడుగుల టేబుల్ సుమారు 400 కిలోలు తూగుతుంది. అది ఆక్రమించే జాగా మూడున్నర చదరపు మీటర్ల వరకు ఉంటుంది కనుక, చదరపు మీటరుకు సుమారు 115 కిలోలు పడుతుంది. నివాస గదుల స్లాబుకు భారతీయ ప్రమాణం ఐఎస్ 875 రెండవ భాగం చెప్పే భారం చదరపు మీటరుకు 2 కిలోన్యూటన్లు, అంటే దాదాపు 200 కిలోలు. ప్రమాణం ప్రకారం కట్టిన ఆర్‌సీసీ స్లాబు ఈ టేబుల్‌నూ, చుట్టూ నిలబడే నలుగురినీ మోస్తుంది. కానీ గోడ బయటికి వేలాడే కాంటిలివర్ భాగం మీద కాలు పడుతున్నా, స్లాబులో ఎక్కడైనా పగులు కనిపిస్తున్నా, మీ ఇంటి స్ట్రక్చరల్ ఇంజినీరుకు డ్రాయింగు చూపకుండా ముందుకు వెళ్ళవద్దు.

నాకు అసలు అనుమానం టైల్స్ మీద. స్లాబు మొత్తం మోస్తుంది, కానీ నాలుగు కాళ్ళ కింద ఒక్కొక్క చోట వంద కిలోలు పడతాయి. టైల్ కింద సిమెంటు నిండకపోతే అది డొల్లగా ఉంటుంది. కాళ్ళు వచ్చే చోట ఒక రూపాయి నాణెంతో తట్టి చూడండి. గట్టి శబ్దానికీ డొల్ల శబ్దానికీ తేడా చెవికి వెంటనే తెలుస్తుంది.

నేల మట్టం కూడా చూడండి. డాబా మీది గదుల్లో నీళ్ళు పోసి కడిగినప్పుడు బయటికి పోవడానికి మేస్త్రీలు తలుపు వైపు కొంచెం వాటం ఇస్తారు. నూటికి ఒక వంతు వాటం ఉన్నా 88 అంగుళాల పొడవులో 22 మిల్లీమీటర్లు తేడా వస్తుంది. మేస్త్రీలు వాడే నీళ్ళ పైపుతో నాలుగు మూలల్లో మట్టం పట్టిస్తే పది నిమిషాల్లో తెలిసిపోతుంది.

మేడమీదగది (హైదరాబాద్)

మీరు చెప్పినట్టే ఈ రోజు నడుము ఎత్తులో కొలిచాను. ప్లానులో 17×13 ఉన్న గది నిజానికి 16 అడుగుల 9 అంగుళాల పొడవు, 12 అడుగుల 10 అంగుళాల వెడల్పు ఉంది. పొడవాటి గోడల్లో ఒకదాని నడిమధ్యన అడుగు వెడల్పు కాలమ్ నాలుగున్నర అంగుళాలు ముందుకు వచ్చింది. ఇన్నాళ్ళుగా ఆ గదిలో తిరుగుతున్నాను కానీ దాన్ని నిన్నటి వరకు గమనించనే లేదు. నేల డాబా తలుపు వైపు గది పొడవునా 14 మిల్లీమీటర్లు దిగింది.

అయితే 8 అడుగుల టేబుల్‌కు పొట్టి క్యూలు వాడితే సరిపోతుందా?

మా అమ్మ బరువు ఈశాన్యంలో పెట్టకూడదని పట్టుబట్టారు. గది డాబాకు నైరుతిలోనే ఉంది కనుక ఆ విషయంలో ఇంట్లో అందరికీ సమ్మతమే.

పాతక్యూ (విజయవాడ)

మీ వెడల్పు 154 అంగుళాలు. 8 అడుగుల టేబుల్‌ను మధ్యలో పెడితే వెడల్పులో ఒక్కొక్క వైపు 55 అంగుళాలు, పొడవులో ఒక్కొక్క వైపు 56న్నర అంగుళాలు మిగులుతాయి. అంటే నాలుగు వైపులా పొట్టి క్యూయే గతి, వెడల్పులోనైతే 48 అంగుళాలది. పొట్టి క్యూ అత్యవసరానికి పనికివస్తుంది కానీ, ప్రతి రెండో దెబ్బకు క్యూ మార్చుకోవలసి వస్తే చేతికి ఒక లయ కుదరదు. పైగా అమ్మాయి ఇప్పుడిప్పుడే నేర్చుకోబోతోంది. మొదటి నుంచీ గోడకు భయపడి మోచేయి ముడుచుకుంటే ఆ అలవాటు తరువాత పోదు. అలా పాడైన చేతులు నేను చాలా చూశాను.

7 అడుగుల టేబుల్ పెట్టి చూడండి. పొడవులో ఒక్కొక్క వైపు 61న్నర అంగుళాలు మిగులుతాయి, 58 అంగుళాల క్యూతో కొంచెం కురచ లాగుడుతో ఆడవచ్చు. వెడల్పులో 57న్నర మిగులుతాయి, 52 అంగుళాల క్యూకు అయిదున్నర అంగుళాల లాగుడు దొరుకుతుంది. పైగా ఈ ఇబ్బంది క్యూతో కొట్టే తెల్ల బంతి కుషన్ దగ్గర ఆగినప్పుడే, అది టేబుల్ మధ్యలో ఉంటే ఏ క్యూ అయినా ఒకటే. కాలమ్ ఉన్న చోట మాత్రం 53 అంగుళాలే ఉంటాయి, అక్కడికి ఒక 48 అంగుళాల క్యూ గోడకు తగిలించి ఉంచండి. ఆ అడుగు వెడల్పు కోసం టేబుల్‌ను పక్కకు జరపకండి. జరిపితే ఎదుటి వైపు మొత్తం పొడవునా రెండు అంగుళాలు పోగొట్టుకుంటారు.

మెట్ల గురించి అడిగారు. 7 అడుగుల టేబుళ్ళలో కొన్నింటికి స్లేటు ఒకే పలకగా వస్తుంది, అది ముప్పాతిక అంగుళానికి కొంచెం పైగా మందం ఉన్నా దాదాపు 150 కిలోలు తూగుతుంది. మలుపున్న మూడడుగుల మెట్ల మీద దాన్ని ఎక్కించడం మనుషులకు ప్రమాదం. మూడు ముక్కల స్లేటే కావాలని ఆర్డరులో రాయించండి. అంగుళం మందంలో ఒక్కొక్క ముక్క 60 కిలోల దాకా ఉంటుంది, ఇద్దరు మనుషులు అంచు మీద నిలబెట్టి మోస్తారు. దాన్ని పడుకోబెట్టి మోస్తే సొంత బరువుకే పగిలే అవకాశం ఉంది. ముందుగా 46×30 అంగుళాల అట్టముక్క కత్తిరించి, దాన్ని నిలువుగా పట్టుకుని మెట్ల మలుపులో తిప్పి చూడండి. రెయిలింగు పిడికి తగలకపోతే మీకు ఆ బెంగ తీరినట్టే.

ఫ్రిస్కోవాసి (టెక్సస్)

ఇక్కడి ఇళ్ళలో పై అంతస్తులో గేమ్ రూమ్ ఉండడం మామూలే కనుక, మా అనుభవం కూడా చెబుతాను. మా గది ఒక వైపు గోడ లేకుండా మెట్ల వైపు తెరుచుకుని ఉంటుంది, అక్కడ నడుము ఎత్తు పిట్టగోడ ఉంది. గోడ లేదు కదా, ఆ వైపు ఎంతైనా జాగా ఉన్నట్టే అనుకుని 8 అడుగుల టేబుల్ తెప్పించాను. మొదటి సాయంత్రమే క్యూ పిడి సరిగ్గా ఆ పిట్టగోడ అంచుకు తగిలి, తెల్లటి రంగు మీద నీలం గీత పడింది. కంటికి ఖాళీగా కనిపించేది క్యూకు ఖాళీ కాదని అప్పుడు తెలిసింది.

ఇక్కడ చెక్క దూలాల మీద నేల ఉంటుంది. నివాస గదులకు చదరపు అడుగుకు 40 పౌండ్ల భారం లెక్కతో కడతారు, పడక గదులకు 30 పౌండ్లే. దూలాలు ఏ దిక్కుగా వెళ్తున్నాయో చూసి, టేబుల్ బరువు వీలైనన్ని దూలాల మీద పడేలా అడ్డంగా పెట్టించాము. కార్పెట్ మీద కాళ్ళు నెమ్మదిగా దిగబడతాయి కనుక నెల రోజుల తరువాత మళ్ళీ మట్టం సరిచేయించవలసి వచ్చింది. మీ ఆర్‌సీసీ స్లాబుకూ టైల్స్‌కూ ఆ బాధ ఉండదు.

సాగరతీరం (విశాఖపట్నం)

కొలతలతో పాటు గది గాలి కూడా చూసుకోమని నా మనవి. సముద్రానికి దగ్గరలో ఉన్న మా ఇంట్లో ధర తక్కువని ఒక టేబుల్ కొన్నాము. దాని బెడ్ (గుడ్డ కింద బంతులు దొర్లే పలక) స్లేటు కాదు, చెక్కపొడితో చేసే ఎండీఎఫ్ బోర్డు. రెండు వానాకాలాలు గడిచేసరికి మధ్య అతుకు దగ్గర బోర్డు తేమకు ఉబ్బింది. చేత్తో రాస్తే గుడ్డ కింద గోరంత ఎత్తున గట్టు తగిలేది, నెమ్మదిగా వచ్చే బంతి అక్కడికి రాగానే పక్కకు తిరిగిపోయేది. అమ్మినవారు అది వాతావరణం వల్ల వచ్చిందే కానీ టేబుల్ లోపం కాదన్నారు. ఆ రోజు నుంచి ఎవరు అడిగినా టేబుల్ చిన్నదైనా సరే, బెడ్ మాత్రం స్లేటే ఉండాలని చెబుతున్నాను.

పెంట్‌హౌస్ అంటున్నారు కనుక పడమటి ఎండ కిటికీలోంచి గుడ్డ మీద పడుతుందేమో చూడండి. ఎండకు రంగు వెలుస్తుంది, కుషన్ రబ్బరు కూడా బిరుసెక్కుతుంది. ఏసీ పెట్టేటట్లయితే నీళ్ళు కారినా టేబుల్ మీద పడని చోట పెట్టించండి.

మేడమీదగది (హైదరాబాద్)

అందరికీ కృతజ్ఞతలు. కిటికీ పడమరకే ఉంది, మందపాటి తెర వేయిస్తాను. ఇప్పుడు లైటు సంగతి. గది మధ్యలో ఫ్యాను హుక్కు ఉందని చెప్పాను కదా. ఫ్యాను అలాగే ఉంచి ఫాల్స్ సీలింగ్‌లో చుట్టూ చిన్న లైట్లు పెట్టిస్తే చాలునని ఎలక్ట్రీషియన్ అంటున్నారు.

పాతక్యూ (విజయవాడ)

దయచేసి అలా చేయించవద్దు. సీలింగ్ లైట్ల కింద ఫ్యాను తిరిగితే రెక్కల నీడలు గుడ్డ మీద పరుగెత్తుతూ ఉంటాయి, గురి చూసే కళ్ళకు అంతకన్నా హింస లేదు. చుట్టూ లైట్లుంటే ప్రతి బంతికీ నాలుగైదు నీడలు పడతాయి, బంతి అంచు ఎక్కడుందో తెలియదు. లైటు టేబుల్‌కు సరిగ్గా పైన వేలాడాలి. అంతర్జాతీయ నిబంధనల ప్రకారం పక్కకు జరపగలిగే లైటు బెడ్ నుంచి 40 అంగుళాల కన్నా కిందికి ఉండకూడదు, జరపలేనిదైతే 65 అంగుళాల కన్నా కిందికి ఉండకూడదు. వెలుతురు బెడ్ మీద, కుషన్ల మీద ప్రతి చోటా కనీసం 520 లక్స్ (వెలుతురు కొలమానం) ఉండాలి. ఇంట్లో పోటీలు జరపకపోయినా, మూలల్లోని పాకెట్ల దగ్గర మధ్యలో ఉన్నంత వెలుతురే ఉండడం అవసరం. కనుక ఒక బల్బు కాకుండా, నాలుగడుగుల పొడవున్న లైటు పెట్టించండి.

మీ అదృష్టం కొద్దీ టేబుల్ గది మధ్యలోనే వస్తోంది, ఫాల్స్ సీలింగ్ ఇంకా వేయలేదు. మధ్య హుక్కును లైటుకు వదిలేసి, ఫ్యాన్లను గోడలకు తలెత్తు కన్నా పైన బిగించండి. లైటు బరువు జిప్సం బోర్డు మీద కాకుండా స్లాబు హుక్కు మీదే పడాలి.

స్లాబులెక్క (వరంగల్)

పాతక్యూ గారి మాటకు ఒక్కటి చేరుస్తాను. ఫోనులోని మట్టం చూపే యాప్‌ను నమ్మి టేబుల్ సరిగ్గా ఉందని ఒప్పుకోవద్దు. అది డిగ్రీలో పదో వంతు తప్పు చూపినా 88 అంగుళాల పొడవులో దాదాపు 4 మిల్లీమీటర్ల తేడా. నిబంధనలు పొడవునా అనుమతించే తేడా అంగుళాన్ని వెయ్యి వంతులు చేస్తే అందులో 20 వంతులు, అంటే అర మిల్లీమీటరు. అందుకే బిగించేవారు మెషినిస్టు లెవెల్ (అతి చిన్న వాలును కూడా చూపే మట్టం పరికరం) తెస్తున్నారో లేదో ముందే అడగండి.

మేడమీదగది (హైదరాబాద్)

ఈ ఆదివారం అమ్మాయీ నేనూ పైన ఒక పూట గడిపాము. పనివాళ్ళ దగ్గరున్న ప్లైవుడ్ షీటును నాలుగు మూలలా ఇటుకలు పేర్చి 30 అంగుళాల ఎత్తున నిలబెట్టి, దాని మీద సుద్దముక్కతో 78×39 గీతలు గీశాము. స్నేహితుడి దగ్గర తెచ్చిన 58 అంగుళాల క్యూ, 52 అంగుళాలకు కోసిన ఒక గుండ్రటి కర్ర పట్టుకుని, గీత మీద ప్రతి అడుగుకూ ఒక నిమ్మకాయ పెట్టి చుట్టూ తిరిగాము. పాతక్యూ గారి లెక్క అంగుళం తేడా లేకుండా సరిపోయింది.

టేపుకు దొరకనివి మాత్రం రెండు బయటపడ్డాయి. కిటికీ కింద గ్రానైట్ పలక గోడ నుంచి అంగుళంన్నర బయటికి ఉంది, అది సరిగ్గా మూడడుగుల ఎత్తులో ఉన్నందున కర్ర పిడి ప్రతిసారీ దాని అంచుకే తగిలింది. దాన్ని గోడకు సమంగా కోయిస్తున్నాను. తలుపు లోపలికి తెరుచుకుని, టేబుల్ తల వైపు ఆడేవారి వీపుకు తగులుతోంది. దాని బందులు మార్పించి బయటికి తెరుచుకునేలా చేయిస్తాను. అట్టముక్క మెట్ల మలుపులో తిరిగింది కానీ, రెయిలింగుకూ దానికీ మధ్య రెండు వేళ్ళ సందు మాత్రమే మిగిలింది.

7 అడుగుల టేబుల్, అంగుళం మందం మూడు ముక్కల స్లేటు, కుషన్ నుంచి కుషన్‌కు 78×39 అంగుళాలు, 52 అంగుళాల క్యూలు రెండు, 48 అంగుళాలది ఒకటి, బిగింపుకు మెషినిస్టు లెవెల్ అని కొటేషన్‌లో రాసి సంతకం పెట్టి ఇమ్మని అడిగాను. దుకాణదారు ఒప్పుకున్నారు.

పాతక్యూ (విజయవాడ)

నేల వాటం సంగతి కూడా చెప్పండి. కాళ్ళ మధ్య దూరం అయిదు అడుగులనుకుంటే మీ 14 మిల్లీమీటర్లలో అక్కడ పడేది నాలుగు మాత్రమే, కాళ్ళ కింది మరలతో అది సరిపోతుంది. స్లేటు ముక్కల అతుకులు తేనెమైనంతో నింపి గీకిన తరువాత, గుడ్డ పరచక ముందు, మీరు స్వయంగా అతుకు మీద వేలు నడిపి చూడండి. గుడ్డ వేశాక ఏమీ చేయలేరు. ఫాల్స్ సీలింగ్ దుమ్ము, రంగుల పని మొత్తం అయ్యేదాకా టేబుల్‌ను ఇంటికి రానివ్వకండి.

మేడమీదగది (హైదరాబాద్)

రంగులు పూర్తయ్యాకే తెమ్మని చెప్పాను. కాళ్ళు వచ్చే నాలుగు చోట్లా సుద్దతో గుర్తులు పెట్టి నాణెంతో తట్టాము. మూడు చోట్ల గట్టిగానే ఉంది, కిటికీ వైపు కాలు కింద ఉన్న టైల్ మాత్రం డొల్లగా మోగింది. దాన్ని తీసి, కింద సిమెంటు నింపి మళ్ళీ వేయడానికి మేస్త్రీ రేపు ఉదయం వస్తున్నారు.